గోరింటాకు పండిన చెయ్యి

మా ఆవిడ కుడిచెయ్యి ఇప్పుడు ఎముకల డాక్టర్లు కాబోయే పిల్లలకు ఒక పాఠం. ముంజేయి విరిగి, కట్టు లోపల వాచి, నెత్తురు ఆడక, వేళ్లు పక్షి గోళ్లలా ముడుచుకుపోయిన చెయ్యి ఎలా ఉంటుందో పుస్తకంలో బొమ్మ చూసేకంటే మా ఆవిడ చెయ్యి పట్టుకు చూస్తే బాగా తెలుస్తుందట. ఆ మాట నాతో అన్న ఆసుపత్రి పెద్దమనిషి మెచ్చుకోలుగానే అన్నాడు. పాఠం చెప్పేవాళ్లు ఎముక సంగతి చెబుతారు, కండ సంగతి చెబుతారు. గోరింటాకు సంగతి చెబుతారో లేదోనని నాకు అనుమానం. అందుకని నేనే రాస్తున్నాను.

నేను బడిలో చదువుకున్నవాణ్ణి కాను. నరసాపురం దగ్గర కాలవ లాకుల మీద లస్కరుగా నా ఉద్యోగమంతా గడిచింది. లాకు తలుపులు ఎత్తడానికీ దించడానికీ మధ్య మనిషికి బోలెడంత తీరిక. బెల్లం పొట్లం కట్టిన కాయితంతో మొదలుపెట్టి, పాత పత్రికలు, ఇంజనీర్లు పారేసిన పుస్తకాలు, చివరికి నిఘంటువు ఒళ్లో పెట్టుకుని ఇంగ్లీషు దాకా ఈదుకుంటూ వచ్చాను. నాకు కోపం ఎక్కువని మావాళ్లంటారు. కోపం కాదు, జ్ఞాపకం ఎక్కువ. మరిచిపోగలిగినవాళ్లకు శాంతంగా ఉండటం సులువు.

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం మా ఆవిడకు పెళ్లికి ముందునుంచీ ఉన్న సరదా. అరవై దాటినా మానలేదు. ఆ ఏడు కూడా పెరట్లో ఆకు దూసి, కాస్త చింతపండు వేసి రుబ్బింది. పక్కవీధిలో ఉండే ఆవిడ చెల్లెలు, అంటే మా మరదలు, సాయంత్రం వచ్చి అక్క అరచేతిలో చందమామ పెట్టి, చుట్టూ చుక్కలు పెట్టి, వేళ్ల కొసలకు గోళ్లతో సహా మూసుకుపోయేలా టోపీలు పెట్టింది. ఈ వయసులో ఎవరు చూడాలని ఈ ముస్తాబు అని నేను ఎగతాళి చేశాను.

"మీరు చూడొద్దులెండి. పొద్దస్తమానం కుట్టుపని చేసుకుంటూ నా చేతులు నేనే చూసుకోవాలిగా" అంది.

కుట్టుపని అంటే లేసు. మా వైపు ఆడవాళ్లకు అది మామూలే. కొస వంగిన ముక్కుసూది పట్టుకుంటే ఆవిడ వేళ్లు వాటంతటవే కదిలేవి, కళ్లు మాత్రం మాట్లాడేవాళ్ల మీద ఉండేవి.

పొద్దున్న కడుక్కుంటే గోరింటాకు నారింజరంగులో ఉంది. రేపటికి పండుతుందిలే అనుకున్నారు అక్కాచెల్లెళ్లు. ఈ సంగతి తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే చెబుతున్నాను. పచ్చి ఆకు గోరింటాకు కడిగిన వెంటనే పండదు. మర్నాటికి ముదురుతుంది. ఎరుపు దాటి నలుపులోకి పోతే బాగా పండింది అంటారు. ఎంత నల్లబడితే అంత సంతోషం.

ఆ పూటే ఇద్దరూ పాలకొల్లు బయల్దేరారు, గుళ్లో దణ్ణం పెట్టుకుని బజారు పని చూసుకువద్దామని. కాలవగట్టు రోడ్డు మీద చేపల లారీకి దారి ఇవ్వబోయి ఆటో గట్టు దిగువకు ఒరిగింది. మరదలికి గీరుకుపోయిన దెబ్బలు తప్ప ఏమీ కాలేదు. మా ఆవిడ కుడి ముంజేయి ఆటో ఇనపకమ్మీ కింద పడింది. రెండు ఎముకలూ విరిగాయి. దగ్గరున్న ఆసుపత్రిలో ఫోటో తీసి, బద్ద కట్టి, లోపల రేకులు వెయ్యాలి, పెద్దాసుపత్రికి పట్టుకుపొండి అన్నారు.

ఆ పెద్దాసుపత్రి ఏ ఊళ్లోదో రాయను. రాస్తే అక్కడి మంచివాళ్లందరికీ ఈ మాట అంటుకుంటుంది. డాక్టరు చదువు అయిపోయినవాళ్లు అక్కడ మళ్లీ చేరి ఎముకల పని నేర్చుకుంటారు. పీజీలు అంటారు వాళ్లని. విరిగిన కాళ్లూ చేతులే వాళ్ల పాఠాలు. ఎన్ని కేసులు చేస్తే అంత అనుభవం. కేసు అనే మాట నాకు అప్పటిదాకా కోర్టుల్లోనే తెలుసు.

మా ఆవిణ్ణి చూసింది అలాంటి పీజీ పిల్లే. పిఠాపురం అవతల పల్లె అని తర్వాత తెలిసింది. సన్నగా, మెడలో గొట్టంతో, జుట్టు రేగిపోయి ఉంది. మత్తు ఇచ్చి ఎముకలు లాగి సరిచేసి, మోచేయి పైనుంచి వేళ్ల మొదళ్ల దాకా సిమెంటుకట్టు వేసింది. ఆపరేషను మర్నాడు అంది. అప్పుడు మా ఆవిడ వేలిగోరు నొక్కి వదిలి చూసింది. గోరు నొక్కితే తెల్లబడి, వదిలితే ఎర్రబడాలి. అలా అయితే నెత్తురు ఆడుతున్నట్టు. కానీ ఆ గోరు నొక్కినా ఎరుపే, వదిలినా ఎరుపే. చేతిని కిటికీ వెలుగుకు తిప్పి చూసి నవ్వింది.

"మామ్మగారూ, గోరింటాకు భలే పెట్టుకున్నారే."

"ఇదేం చూశావు, రేపు చూడు ఎలా పండుతుందో" అంది మా ఆవిడ.

మరదలు కూడా నవ్వింది. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. ఆ ముగ్గురి నవ్వూ ఇప్పటికీ నాకు ఉన్నట్టుండి వినిపిస్తుంది, ఏదో చదువుకుంటూ ఉంటే, నీళ్లు తోడుకుంటూ ఉంటే. చెడు మొదలైన చోట ఏదో ఒక గుర్తు ఉంటుందనుకుంటాం. అక్కడ ఉన్నది నవ్వు.

వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల మరదలికి మరీ మరీ చెప్పింది. వేళ్ల రంగు చూస్తూ ఉండండి, నల్లబడితే వెంటనే నన్ను పిలవండి, నొప్పి ఎక్కువైనా పిలవండి అని. మరదలు తలూపింది. తలూపి, చెప్పినట్టే చేసింది పాపం. రాత్రంతా అక్క వేళ్లనే చూస్తూ కూర్చుంది.

ఆడవాళ్ల వార్డులో చీకటి పడ్డాక మగవాళ్లను ఉండనివ్వరు. నన్ను వరండాలోకి తోలేశారు. అక్కడ వాచ్‌మన్‌తో కాసేపు పోట్లాడి, బల్ల మీద నడుం వాల్చాను. గోడకు ఇవతల నేను, అవతల ఆవిడ.

తెల్లారాక టీ ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వెళ్లాను. మరదలు నన్ను చూడగానే సంబరంగా పిలిచింది.

"బావగారూ, ఇలా రండి. చూశారా, ఎలా పండిందో. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా."

వేళ్లు నల్లగా ఉన్నాయి. టోపీల మేరకు నేరేడుపండు నలుపు. కింద వేలు వాచి, చర్మం నున్నగా మెరుస్తోంది. దెబ్బ తగిలింది కాబట్టి వాచింది, గోరింటాకు కాబట్టి నల్లబడింది. ఎవరికైనా అలాగే తోస్తుంది. పక్కమంచం ఆవిడ కూడా లేచి వచ్చి చూసి, మీది నాటు ఆకాండీ, అని అడిగింది. నేనూ చూశాను. నాకూ బాగానే ఉందనిపించింది. నొప్పి ఎలా ఉంది అంటే మా ఆవిడ, ఏం లేదు, తిమ్మిరి, అంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నేను ఇచ్చిన టీ తాగలేదు.

కాసేపటికి పెద్ద డాక్టరు పిల్ల డాక్టర్లను వెంటేసుకుని వచ్చాడు. ఆయన రంగు చూడలేదు. వేళ్ల టోపీలూ చూడలేదు. మా ఆవిడ మొహం చూశాడు. చూసి, ఏమీ అడగకుండా నడిమివేలి కొస పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా, వెనక్కి చాపాడు.

మా ఆవిడ పురిటినొప్పులప్పుడు కూడా నేను తలుపు బయటే ఉన్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ గొంతులోంచి అలాంటి శబ్దం నేను వినలేదు. అరుపు కాదు. లాకు తలుపు కింద కర్ర ఇరుక్కుని నలిగితే వచ్చే శబ్దం.

పెద్ద డాక్టరు కత్తెర అన్నాడు. మంచం మీదే కట్టు మొత్తం చీల్చేశారు. లోపలి చెయ్యి నేను చూశాను, దాని గురించి రాయను. ఆ పీజీ పిల్ల మొహం కూడా చూశాను. ఆపరేషను గదికి తీసుకుపోవాలి, ఈ క్షణమే, అన్నారు. నన్ను సంతకం పెట్టమన్నారు.

అప్పుడు పెద్ద డాక్టరు ఆ పిల్లతో అన్న మాట నా చెవిన పడింది. నువ్వే తెరువు, నేను పక్కనుంటాను, అన్నాడు.

నేను కలం కింద పెట్టేశాను. మీ నేర్చుకోవడాలు ఇంకెక్కడైనా పెట్టుకోండి అన్నాను. రాత్రి మా ఆవిడ ప్రాణం మీదికి తెచ్చిన మనిషి చేతికే మళ్లీ కత్తి ఇస్తారా అన్నాను. వార్డంతా నా వైపు తిరిగింది. ఆ పిల్ల తల వంచుకుంది. పెద్ద డాక్టరు కోప్పడలేదు.

"ఈ పని చెయ్యాల్సి వచ్చే మనిషి ఏడాదికి ఎప్పుడోగానీ రాడండి. ఇవాళ ఆ అమ్మాయి చెయ్యకపోతే, రేపు ఇంకో ఊళ్లో ఒంటరిగా ఉన్నప్పుడు మీలాంటి ఇంకొకరి మనిషి వస్తే ఎవరు చేస్తారు? కత్తి తన చేతిలో ఉంటుంది, తన చెయ్యి నా చేతిలో ఉంటుంది. ఆలస్యం చేసే కొద్దీ పోయేది మీ ఆవిడ చెయ్యేనండి."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. జవాబు లేని మాట న్యాయమైనదే అయ్యుండాలని నేను ఒప్పుకోను. సంతకం పెట్టాను.

ఏం చేస్తారో తర్వాత ఆయనే నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ముంజేతిలో కండలు గట్టి పొరల మధ్య అరలు అరలుగా ఉంటాయట. లోపల వాపు పెరిగి, బయట కట్టు బిగిసి, చోటు లేకపోతే ఆ ఒత్తిడికి నెత్తురు పారడం ఆగిపోతుంది. పొరలు నిలువునా కోసి చోటివ్వాలి. నాకు చెప్పనక్కర్లేదండి అన్నాను. వరద వచ్చి తలుపులు ఎత్తకపోతే గట్టు ఏమవుతుందో తెలిసినవాణ్ణి. ఎత్తాల్సిన వేళ దాటాక ఎత్తితే ఏమవుతుందో కూడా తెలుసు. నీళ్లు పోతాయి, మునిగిన చేను మాత్రం లేవదు.

చెయ్యి బతికింది. లోపలి కండ సగం చచ్చిపోయింది. కత్తి తగిలితే ఉలిక్కిపడాల్సిన కండ ఉలిక్కిపడలేదని, దాన్ని తీసేశామని, ఆ పిల్లే వచ్చి చెప్పింది. నా కళ్లలోకి చూసి చెప్పింది. ఆ తర్వాత రేకులు వేశారు, తొడ చర్మం తీసి ముంజేతి మీద అతికారు. రోజూ కట్టు విప్పి మార్చేది ఆ పిల్లే. మా ఆవిడ దాంతో కబుర్లు చెప్పేది. ఏ కూర వండుతారు మీ అమ్మ, పెళ్లి ఎప్పుడు చేసుకుంటావు, ఇవే మాటలు. అది రాగానే నేను వరండాలోకి వెళ్లిపోయేవాణ్ణి.

ఇంటికి వచ్చాక గోళ్లు పెరుగుతూ ఉంటే మొదళ్లలో తెల్లటి వంక కనిపించింది. ఆ ఎరుపు మెల్లగా పైకి జరిగింది. చివరికి కొసల్లో గీతలాగా మిగిలింది. ఆ గీతను కత్తిరించింది నేనే. గోళ్లు చక్కగా పెరిగాయి. వేళ్లు మాత్రం రోజురోజుకీ లోపలికి ముడుచుకుంటూ పోయాయి. నూనె రాశాం, బద్ద కట్టాం, చెప్పిన కసరత్తులన్నీ చేయించాం. అవి ఏదో దొరికింది, వదలం అన్నట్టు బిగుసుకున్నాయి.

లేసు పోయింది. అది ఒక దుఃఖం. దానికంటే పెద్దది అన్నం. కుడిచేత్తో కలుపుకోలేదు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటుంది. ఇంట్లో అయితే ఎవరూ చూడరు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. పంక్తిలో ఎడమచేత్తో తింటే పక్కవాళ్లు చూసీ చూడనట్టు చూస్తారు కదా, ఆ చూపు పడలేదు ఆవిడకు. నలుగురికీ కొసరి కొసరి వడ్డించే మనిషి, వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టింది. నాకు కూడా కనపడకుండా.

అప్పుడు నేను పుస్తకం పట్టాను. పాత పుస్తకాల కొట్లో ఎముకల వైద్యం పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ ఒక్క అధ్యాయం అక్షరం వదలకుండా చదివాను. అందులో స్పష్టంగా ఉంది. మొదట వచ్చేది నొప్పి. విరిగిన ఎముకకు తగిన నొప్పి కాదు, దాన్ని మించిన నొప్పి. వేలు చాపితే ప్రాణం పోయే నొప్పి. రంగు మారడం ఎప్పుడో చివర్లో. రంగు కోసం కాచుకున్నవాడు ఆలస్యంగా వచ్చినట్టే.

చెయ్యి చూపించడానికి మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ పిల్లను మెట్ల దగ్గర పట్టుకున్నాను. మా ఆవిడ లోపల ఫోటో తీయించుకుంటోంది. ఇంత పెద్ద అక్షరాలతో పుస్తకంలో ఉంది, చదవలేదా నువ్వు అన్నాను.

"చదివానండి. పరీక్షలో రాశాను కూడా" అంది.

అంత సూటిగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. మరి ఎందుకు చూడలేదు, నొప్పి ఉందా అని ఎందుకు అడగలేదు అన్నాను.

"అడిగానండి. రాత్రి లేచి వచ్చి అడిగాను. నొప్పి లేదు, తిమ్మిరి అన్నారు. వేళ్లు చాపి చూసుండాల్సింది. ఆ మాట విని వెళ్లిపోయాను."

అబద్ధం అనుకున్నాను. తప్పు చేసిన ప్రతివాడూ నోరులేని మనిషి మీదకే తోస్తాడు. మా ఆవిణ్ణి అడిగితే, ఏమోనండీ, గుర్తులేదు, అని మజ్జిగ చిలుకుతున్నట్టు మాట తిప్పేసింది. ఎడమచేత్తో చిలుకుతున్నట్టు అనాలి. మరదలు కూడా అక్క మొహం చూసి, నాకూ గుర్తులేదు బావగారూ అంది. అంతకంటే నాకు రుజువు అక్కర్లేకపోయింది. ఆ పిల్ల అడగలేదు. ఈవిడ మంచితనం కొద్దీ గుర్తులేదంటోంది. పైవాళ్లకు చెప్పి ఆ పిల్ల చదువు ఆపించాలని నేను గట్టిగా అనుకున్నాను. మా ఆవిడ అన్నం మానేసి కూర్చుంది. ఆగాను. ఆగానే గానీ, ఆ కసిని లోపల అలాగే ఉంచుకున్నాను.

తర్వాత ఆ పిల్ల చదువు పూర్తయింది. అక్కడే కొత్త పీజీలకు చెప్పే పనిలో చేరింది. ఒకరోజు ఫోను చేసింది, నాకు కాదు, మరదలికి. మామ్మగారి చెయ్యి మా కొత్త పిల్లలకు చూపించాలి, ఆవిడకు ఇష్టమైతేనే, అని. నేను మండిపడ్డాను. చెడగొట్టిన చెయ్యినే తిరణాలలో బొమ్మలా పెట్టి చూపిస్తారా అన్నాను.

"నేను వెళ్తాను. మీకు రావాలని ఉంటే రండి" అంది మా ఆవిడ.

వెళ్లాను. ఒకే ఒక్క పని మీద వెళ్లాను. ఆ పిల్లలందరి ముందు లేచి నిలబడి, ఈ చెయ్యి ఇలా అయ్యింది ఇదిగో ఈ డాక్టరమ్మ వల్ల, మీకు పాఠం చెబుతున్న ఈవిడ ఆ రాత్రి కనీసం నొప్పి ఉందా అని అడగలేదు, అని చెప్పాలి. బస్సులో దారి పొడుగునా ఆ వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్క బూతు లేకుండా, ఒక్క తప్పు లేకుండా.

చిన్న గది. ముందు కుర్చీలో మా ఆవిడ. వెనక బల్ల మీద నేను. పిల్లలు చుట్టూ మూగారు. ఆ డాక్టరమ్మ మా ఆవిడ మణికట్టు పట్టుకుని మెల్లగా ముందుకు వంచింది. అప్పుడు ముడుచుకున్న వేళ్లు తెరుచుకున్నాయి. నిజంగా తెరుచుకున్నాయి, ఎవరైనా ఏదైనా పెడితే అందుకుందామన్నట్టు. మణికట్టు నిటారు చెయ్యగానే మళ్లీ ముడుచుకున్నాయి. కండ కురచైపోతే ఇలా అవుతుందని వాళ్లకు చెప్పింది. ఒక్కొక్కరే వచ్చి అలా వంచి చూశారు. తెరుచుకునేది, మూసుకునేది. నాకు చూడబుద్ధి కాలేదు. ఇక లేద్దామని బల్ల మీద చెయ్యి ఆనించాను.

అంతలో ఒక కుర్రాడు వంగి మా ఆవిణ్ణి అడిగాడు.

"మామ్మగారూ, ఆ రాత్రి నొప్పి ఎలా ఉందండి?"

ఈ ప్రశ్న అన్నాళ్లలో ఎంతమంది అడిగారో. ఎవరికీ చెప్పలేదు. ఆ కుర్రాడికి చెప్పింది.

"చీకటి పడకముందే మొదలైంది నాయనా. ఎముక విరిగిన నొప్పి వేరు, అది పోటు. ఇది లోపల్నించి తడిబట్ట పిండినట్టు. ఎవరో పిండుతున్నారు, ఇంకా నీళ్లు కారుతున్నాయని ఇంకా పిండుతున్నారు. పళ్లు బిగబట్టి ఉన్నాను. తర్వాత తిమ్మిరెక్కింది. తిమ్మిరెక్కాక, అమ్మయ్య, తగ్గిపోతోంది అనుకున్నాను."

పిల్లలు రాసుకోవడం ఆపేశారు. డాక్టరమ్మ గొంతు తగ్గించి అంది.

"నేను వచ్చి అడిగాను కదమ్మా. నొప్పి లేదన్నారు మీరు."

"అవును, అడిగావు."

"మరి ఎందుకలా అన్నారమ్మా?"

మా ఆవిడ దాని వంక చూసింది. మా మనవరాళ్ల వంక చూసినట్టే చూసింది.

"నువ్వు కుర్చీలో పడి నిద్రపోతున్నావు కదే. ముందురోజు పొద్దుట్నించీ నువ్వు ఇంటికి పోలేదని ఆ నర్సమ్మ చెప్పింది. తూలుకుంటూ లేచి వచ్చావు. ఉందంటే మళ్లీ నిన్ను నిలబెడతారు. ఎముక విరిగితే నొప్పి ఉండదా ఏంటి, తెల్లారాక చెప్పుకోవచ్చులే, కాసేపు పడుకోనీ అనుకున్నాను."

"నేను నిద్రపోయానా అమ్మా?"

"పోయావు. నోరు తెరుచుకుని. మా చెల్లెలు దుప్పటి కప్పబోతే, లేస్తావేమోనని నేనే వద్దన్నాను."

ఒకరిద్దరు పిల్లలు నవ్వారు. వెంటనే ఆగిపోయారు. డాక్టరమ్మ మా ఆవిడ మణికట్టు పట్టుకునే ఉంది. ఇంకేమైనా అడుగుతారా అని పిల్లల్ని అడిగింది. గొంతు బాగానే ఉంది. పట్టుకున్న చెయ్యి మాత్రం వదలడం మరిచిపోయింది.

నేను కూర్చున్నచోటే కూర్చున్నాను. తప్పులేకుండా కూర్చుకున్న వాక్యాలన్నీ అలాగే నోట్లో ఉన్నాయి. ఎవరికి చెప్పను? ఆ పిల్ల అడిగింది. ఈవిడ లేదంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడ్డారు, మధ్యలో చెయ్యి పోయింది. రాత్రీ పగలూ ఒక ఆడపిల్లను నిలబెట్టి, నిద్రకు తూలుతున్న కళ్లతో మనుషుల వేళ్లు చూడమన్నవాళ్లెవరో ఆ గదిలో లేరు. లాకుల దగ్గర కూడా మాకు డ్యూటీ మారేది. వేళకు ఇంకొకడు వచ్చి తాళంచెవులు అందుకునేవాడు. నీళ్లకు కాపలా ఉన్నవాడికి ఇచ్చే నిద్ర, నెత్తుటికి కాపలా ఉన్నవాడికి ఇవ్వరా? ఈ ప్రశ్న నేను పెద్ద డాక్టరును అడిగాను, ఆ రోజే, వరండాలో. ఆయనా అలాగే నేర్చుకున్నాడట. అదొక జవాబా?

తిరుగు బస్సులో ఆవిణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"దానికి చెప్పకపోతే పోనీ. నాకు చెప్పొచ్చుగా. వరండాలోనే ఉన్నానుగా."

"మీకు చెబితే ఊరుకుంటారేంటండీ. ఆ పిల్లని లేపేద్దురు."

"లేపేవాణ్ణే."

"అదే మరి" అని కిటికీ వైపు తిరిగింది.

ఇప్పుడు ముసురు పట్టిన రోజుల్లో ఆ చెయ్యి లాగుతుందని నాకు తెలుసు. చెప్పదు. మొహం చూసి కనిపెడతాను. నొప్పిగా ఉందా అని అడుగుతాను. లేదండీ అంటుంది. నేను ఆ మాట వినిపించుకోకుండా లేచి వెళ్లి నీళ్లు కాచి గిన్నెలో పోసుకు వస్తాను. ఆ చేతికి వేడి తెలియదు, కాలినా తెలియదు. అందుకని ముందు నా మోచెయ్యి ముంచి చూస్తాను. సరిపోయిందనిపించాక గిన్నె ముందుకు జరుపుతాను. అప్పుడు ఆవిడ చెయ్యి అందులో పెడుతుంది.